హైదరాబాదు రేడియో, షోలాపూర్ ఇండ్లు



పోయిన నెల మా ఇంటికి సున్నం వేసినం. అటక మీది సామాను దించుతుంటే మా బాపు కొన్న రేడియో బయట పడ్డది. మూత పగిలింది, సెల్లులు కారి లోపల పచ్చగా పట్టింది. మా మనుమరాలు చూసి, "తాతా, ఇది భంగార్‌ల వేద్దామా?" అని అడిగింది. నేను వద్దన్న. ఎందుకు వద్దు అంటే ఆ పిల్లకు అప్పుడు జవాబు చెప్పలేకపోయిన. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్న. నాది మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి చదువు. తప్పులుంటే మన్నించండి.

ఆ రేడియోలో మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఇన్నది హైదరాబాదు స్టేషన్. అది మన షోలాపూర్‌ది కాదు, మన కోసం పెట్టిందీ కాదు. ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. అయినా నా తెలుగుకు సగం బడి ఆ స్టేషనే.

దాని పుట్టుక చిన్నది. 1930ల మొదట్లో హైదరాబాదు చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే పెద్దమనిషి సొంతంగా ఒక చిన్న యంత్రం పెట్టి రేడియో నడిపించిండు. దాని బలం 200 వాట్లు. మనింట్లో రెండు నూరు వాట్ల బల్బులు వెలిగిస్తే ఎంతో అంతే. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసుకున్నది. దక్కన్ రేడియో అని పేరు. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1934లో. అంటే మన మగ్గపోళ్లకు గిరణీ వచ్చిన కాలమూ, హైదరాబాదుకు రేడియో వచ్చిన కాలమూ దాదాపు ఒక్కటే.

కానీ ఆ రేడియో ముందుగా మనోళ్లతో మాట్లాడలేదు. దాని పెద్ద భాష ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి గాని వాటికి దొరికిన టైము తక్కువ. నిజాం రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగే. పెట్టె కొనగలిగినోళ్లు మాత్రం దివాణం మనుషులు, దొరలు, పెద్ద వ్యాపారులు. పెట్టె ఎవరింట్లో ఉంటే గొంతు వాళ్లదే అన్నట్టు ఉండె.

ఈ స్టేషన్‌కూ మన షోలాపూర్‌కూ మొదటి సంబంధం 1948 సెప్టెంబరులో పడ్డది. ఆ నెల 13వ తేదీన జనరల్ చౌధురి ఫౌజు హైదరాబాదు మీదికి బయలుదేరింది మన ఊరి నుంచే. మా బాపుకు అప్పుడు పద్దెనిమిదేండ్లు. నల్‌దుర్గ్ సడక్ మీద ట్యాంకులు పోతుంటే మట్టి లేచి చెట్ల ఆకులు కనపడలేదని చెప్పేటోడు. మావోళ్లు చాలా మందికి చుట్టాలు అటుపక్క, నల్లగొండ, కరీంనగర్, పాలమూరు ఊళ్లల్లో ఉన్నరు. ఎవరు బతికి ఉన్నరో, ఎవరు లేరో తెలియదు. ఉత్తరాలు రావు. పేటలో ఒక సావుకారి దుకాణం ముందర రేడియో చుట్టూ జనం నిలబడి ఉండేటోళ్లట. 17వ తేదీ సాయంత్రం నిజాం తానే దక్కన్ రేడియోలో మాట్లాడి, లడాయి ఆపుతున్నట్టు చెప్పిండు. ఆ మాటలు తెలుగులో లేవు. ఒకరు ఇని ఇంకొకరికి తెలుగులో చెప్పుకుంటూ పోయిండ్రు. "ఇక ఊరికి పోవచ్చు" అని మా నాయనమ్మ ఏడ్చిందట. ఈ మాట మా బాపు ఎన్నిసార్లు చెప్పినా గొంతు మారేది.

1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్ ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయినంక అక్కడ తెలుగుదే పెద్దరికం అయ్యింది. మద్రాసు స్టేషన్‌లో పిల్లల కార్యక్రమం నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు హైదరాబాదుకు వచ్చిండ్రు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు, మన దాశరథి గారు కూడా ఆ స్టేషన్‌లో పనిచేసినోళ్లే.

వాళ్లందరికన్నా నా మనసుకు దగ్గరి మనిషి ఇంకొకరు ఉన్నరు. రావూరి భరద్వాజ గారు. ఆయన బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రెస్సుల్లో కూలి పని చేసిండు. 1959లో ఆకాశవాణిలో చిన్న రచయితగా చేరి ఇరవై ఎనిమిదేండ్లు పనిచేసి రిటైరైండు. 'పాకుడురాళ్లు' నవల రాసిన ఆయనకు 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం వచ్చింది. కూలి చేసిన చెయ్యి రాసిన మాటలు కూడా ఆ పెట్టెలో నుంచి వచ్చినయని తెలిసినప్పుడు నా ఛాతీ రెండింతలైంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాకు పదేండ్లు ఉన్నప్పుడు, దీపావళి బోనస్‌తో బాపు ఈ ట్రాన్సిస్టర్ తెచ్చిండు. అప్పుడు రేడియోకు లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసులో పైసలు కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలె. ఆ పుస్తకాన్ని బాపు రేషన్ కార్డుతో కలిపి దాచేటోడు.

స్టేషన్ పట్టుడు ఒక విద్య. పెట్టె లోపల ఒక నల్ల కడ్డీ, దాని మీద సన్నని రాగి తీగ చుట్టి ఉంటది. ఆ కడ్డీ అడ్డంగా ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో దాన్ని బట్టి గొంతు తేటగనో, మసకగనో వస్తది. మా అమ్మ పెట్టెను గోడకు ఓరగా పెట్టి, కింద ఎక్కడ ఆనాలో బొగ్గుతో గీత గీసింది. పగటిపూట హైదరాబాదు సన్నగా వచ్చేది కానీ నిలకడగా వచ్చేది. చీకటి పడ్డంక మీడియం వేవ్ అలలు పై ఆకాశానికి తగిలి కిందికి వస్తయి, అందుకే దూరపు స్టేషన్లన్నీ వచ్చి మీద పడేవి. వార్తల నడుమ ఏదో భాషలో పాట దూరేది. తర్వాత హైదరాబాదు బలం 200 కిలోవాట్లు అయ్యింది. చిరాగ్ అలీ గల్లీలో మొదలైన దానికి ఇది వెయ్యి రెట్లు. 406.5 మీటర్లు, అంటే 738 కిలోహెర్ట్జులు. ఈ అంకెలు నాకు నా గిరణీ టికెట్ నంబరు లెక్క యాదికున్నయి.

పొద్దున వార్తలు ఇన్నంకనే బాపు డబ్బా పట్టుకొని మొదటి పాళీకి పోయేటోడు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలను హైదరాబాదు అందుకొని ఇచ్చేది. సినిమా హీరో జగ్గయ్య గారు కూడా సినిమాలకు ముందు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివినాయన అని మా పేటలో గొప్పగా చెప్పుకునేటోళ్లు. తర్వాత ప్రాంతీయ వార్తలు. వానలు పడ్డయా, చెరువులు నిండినయా అని అమ్మ చెవి అక్కడనే. మాకు అక్కడ గుంట భూమి లేదు. అయినా ఊరి చెరువు నిండితే ఆమెకు సంబురం.

మధ్యాహ్నం మాత్రం పెట్టె ఆడోళ్లది. పొద్దున కార్ఖానా నుంచి తెచ్చిన తునికాకు కత్తిరించి, చాటలు ఒడిలో పెట్టుకొని పది మంది మా వాకిట్ల బీడీలు చుట్టేటోళ్లు. అప్పుడు కార్మికుల కార్యక్రమం వచ్చేది. చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకునేటోళ్లు. చిన్నక్క గొంతు రతన్ ప్రసాద్ గారిది. రాంబాబు గొంతు డి. వెంకట్రామయ్య గారిది. వార్తలు చదివిందీ ఆయనే, కథలు రాసిందీ ఆయనే. ఈ ముగ్గురూ పాఠం చెప్పినట్టు చెప్పకపోయేది. పక్కింట్ల కూసుండి ముచ్చట పెట్టినట్టు ఉండేది. పొదుపు సంగతి, పిల్లల చదువు, తాగుడు, మిషను దగ్గర జాగ్రత్త, అన్నీ ఆ ముచ్చట్లలోనే వచ్చేవి. మా వాకిట్ల ఆడోళ్లు చిన్నక్కకు ఎదురు జవాబు కూడా ఇచ్చేటోళ్లు. "నీకేమమ్మా, నీ మొగడు పగార్ ఇంటికి తెస్తడు" అని ఒకామె అంటే అందరు నవ్వేటోళ్లు. చేతులు మాత్రం ఆగకపోయేది.

నిజాం గొంతు కోసం పుట్టిన స్టేషన్‌లో బీడీలు చుట్టేటామె తన గొంతు ఇన్నది. ఆ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

నేను 1976లో గిరణీలో బద్లీగా చేరిన. మా అన్న అప్పటికే బ్లో రూములో ఉన్నడు. దూది బేళ్లు విప్పే ఖాతా అది. దుమ్ము మంచు లెక్క ఉంటది. ఆదివారం సుట్టీ ఇంట్ల మంచిగనే ఉండి, సోమవారం పనిలోకి పోతే ఛాతీ పట్టేసినట్టు అయితదని అనేటోడు. దగ్గు తగ్గకపోయేది. అది దూది దుమ్ముతో వచ్చే రోగమని, దానికి చట్టంలో నష్టపరిహారం ఉన్నదని మాకు ఎవరూ చెప్పలేదు. బీడీ తాగుతవు గదా, అందుకే అన్నరు.

అప్పుడు నేను ఒక పని చేసిన. పోస్టుకార్డు కొని కార్మికుల కార్యక్రమానికి రాసిన. నా జన్మలో తెలుగులో రాసిన మొదటి ఉత్తరం అది. మూడు కార్డులు ఖరాబు చేసి నాలుగోది డబ్బాలో వేసిన. "దూది దుమ్ము వల్ల దగ్గు వస్తదా, డాక్టరుతో చెప్పించండి" అని రెండు ముక్కలు. ఆ తర్వాత వారాల్లో నాకు పగటి పాళీ పడ్డది. ఇనే వీలు లేదు. నా పేరు చదివిండ్రని పక్కింటి అత్త చెప్పింది. మా ఆవిడ "అది ఇంకొకరి పేరు, నేను చెవి పెట్టి ఇన్న" అన్నది. ఏది నిజమో ఇప్పటికీ తెలియదు. రోగం పేరు చాలా ఏండ్లకు ఒక డాక్టరు చెప్పిండు. అప్పటికి అన్నకు ఆలస్యమైంది. నలభై తొమ్మిదేండ్లకే పోయిండు. ఇక పరిహారం దరఖాస్తు పెట్టేదెవరు?

ఆ కార్డు వల్ల అన్న బతకలేదు. కానీ ఆ కార్డు రాసినప్పుడే నాకు రాయొచ్చు, అడగొచ్చు అని తెలిసింది. తర్వాత యూనియన్‌లో తెలుగోళ్ల దరఖాస్తులు నేనే రాసిన. మా గిరణీ బందైనంక గ్రాట్యుటీ కోసం మావోళ్లు తిరిగిన రోజుల్లో నలభై మందికి లెక్కలు తెలుగులో రాసి ఇచ్చిన. "ఇంత మంచి తెలుగు యాడ నేర్చినవు?" అంటే రేడియోల అనేటోణ్ని. నవ్వేటోళ్లు, కానీ అది నిజం.

టీవీ వచ్చినంక మా వాకిట్ల చాటలు లోపలికి పోయినయి. హైదరాబాదులో ఎఫ్ఎంలు వచ్చినయి, గొంతు అద్దం లెక్క ఉంటది. కానీ ఎఫ్ఎం అల భూమి వంపు దాటి రాదు, ఊరు చుట్టుపక్కలనే ఆగుతది. మీడియం వేవ్ మాత్రమే మన దాకా నడిచి వచ్చింది. ఇప్పుడు ఆ చప్పుడు కూడా మొబైల్ చార్జర్ల, ఎల్ఈడీ బల్బుల గొరగొరలో మునిగిపోతున్నది.

మొన్న ఒక పెండ్లికి హైదరాబాదు పోయినప్పుడు అసెంబ్లీ దగ్గర ఆకాశవాణి గేటు ముందర బస్సు దిగిన. లోపలికి పోలేదు. పోయి ఏం చెప్పాలె? సడక్ అవతల నిలబడి కాసేపు చూసి వచ్చిన.

ఇంటికి వచ్చినంక మా మనుమరాలు ఫోన్ల న్యూస్ ఆన్ ఎయిర్ పెట్టి హైదరాబాదు స్టేషన్ తీసి ఇచ్చింది. గొరగొర లేదు. తెలుగు వార్తలు. ఆ పిల్ల మరాఠీ బడిలో చదువుతది. కొంచెం సేపు ఇని, "తాతా, 'ఆనకట్ట' అంటే ఏంది?" అని అడిగింది. ధరణ్ అని చెప్పిన. మర్నాడు ఇంకో మాట అడిగింది.

అన్నలారా, అక్కలారా, ఈ పత్రికను మన పిల్లల్లో ఎందరు చదవగలరో మీకు తెలుసు. తెలుగు బడి దూరం కావచ్చు, ఫీజు కట్టలేకపోవచ్చు. ఫోన్ మాత్రం ప్రతి ఇంట్ల ఉన్నది. పొద్దున చాయ తాగే పది నిమిషాలు తెలుగు వార్తలు పెట్టండి. అర్థం కాని మాట పిల్లలు అడుగుతరు. మీకు తెలిసింది చెప్పండి.

పాత రేడియోను నేను భంగార్‌కు వేయలేదు. తుడిచి, అమ్మ గీత గీసిన చోటనే మళ్లీ పెట్టిన. సున్నం వేసినంక గీత పోయింది. గోడ మీద ఎక్కడ ఉండేదో నాకు తెలుసు.