విమాన విద్యార్థినికి పుస్తకముల యెంపిక

విమానము నడపు విద్య మన దేశపు స్త్రీలకు క్రొత్తది కాదు. 1936లో సరళా థుక్రాల్ తన 21వ యేట జిప్సీమాత్ విమానము నడపి లైసెన్సు పొందెను. 1947లో వాణిజ్య విమానచోదక లైసెన్సు నందిన ప్రేమ్ మాథుర్, మన హైదరాబాదునందలి దక్కను ఎయిర్‌వేసున ఉద్యోగమును సంపాదించెను. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్ వైమానిక విద్యాలయము నుండి ముగ్గురు యువతులు యుద్ధవిమాన విభాగమున ప్రవేశించిరి. కావున మెదకు పట్టణమున నొక బాలిక “అమ్మా! నేను పైలటు నగుదును” అనినచో, నవ్వి యూరకుండుటకు వీలులేదు.

ఈ విద్య మిక్కిలి వ్యయముతో గూడినది. విమానమున గడపు ప్రతి గంటకును సొమ్ము చెల్లింపవలెను. అందుచే తల్లిదండ్రులు పుస్తకముల యొద్దనైనను పొదుపు చేయజూతురు. పూర్వవిద్యార్థు లమ్మజూపిన పాతపుస్తకముల కట్టను మొత్తముగా కొనివేయుదురు. ఇందు కొంత మేలును, కొంత కీడును గలవు. బియ్యము పాతబడినకొలది శ్రేష్ఠమగును; పాలు మాత్రము పూటపూటకు క్రొత్తవి కావలెను. ఈ పుస్తకములును అట్టివే. ఏది బియ్యమో, ఏది పాలో తెలిసికొనుటయే యిచట ముఖ్యము.

వాణిజ్య లైసెన్సునకు డి.జి.సి.ఎ. అను కేంద్రసంస్థ జరుపు వ్రాతపరీక్షలలో నాలుగు విషయములు ప్రధానమైనవి: మార్గనిర్ణయము, వాతావరణము, విమానయంత్ర విజ్ఞానము, విమానయాన నియమములు. ఒక్కొక్కదానియందు నూటికి 70 మార్కులు రావలెను. రేడియో సంభాషణకు వేరుగా పరీక్ష కలదు. పుస్తకములు కొనుటకు ముందు ఆ సంస్థవారు ప్రకటించిన పాఠ్యప్రణాళికను తెచ్చుకొని, ఏ పుస్తకమున నే యంశము కలదో సరిచూచుకొనవలెను.

మార్గనిర్ణయము పాతబియ్యము వంటిది. భూగోళపు లెక్కలు మారవు. మన మెదకు సుమారు 78¼ డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నది. దేశపు గడియారములు 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి నడచును. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, మన పట్టణపు సూర్యకాలము గడియారము కంటె 17 నిమిషములు వెనుకబడియుండును. ఇట్టి లెక్కను మెట్టుమెట్టుగా విప్పిచెప్పి, అభ్యాసమునకు మరికొన్నిటి నిచ్చు పుస్తకము పదేండ్ల నాటిదైనను కొనవచ్చును. అయస్కాంతపు ముల్లు చూపు దిక్కు మాత్రము కాలక్రమమున మారుచుండును గనుక, అందలి పాత పటములను అభ్యాసమునకే యుపయోగింపవలెను.

యంత్ర విజ్ఞానమును ఇంచుమించుగ నట్టిదే. మెదకు చర్చి గోపురము సుమారు 175 అడుగుల యెత్తు. దాదాపు 28 అడుగులు పైకి పోయినకొలది గాలి యొత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గును. కావున గోపురాగ్రమున ఆరింటి తగ్గుదల కనబడును. విమానమున నెత్తును తెలుపు పరికరము పనిచేయుట ఈ సూత్రము మీదనే. ఈ సూత్రమునకు ముదిమి లేదు.

వాతావరణ శాస్త్రమున కాలముకంటె దేశమును ఎక్కువగా చూడవలెను. ఆక్స్‌ఫర్డు పేరుతో వచ్చు గ్రంథములు ఐరోపా పరీక్షలకై వ్రాయబడినవి. వాని బొమ్మలును వివరణయు శ్లాఘనీయములు. కాని నైరృతి ఋతుపవనములు, వేసవి చివర వడగండ్లు కురియించు ఉరుముమబ్బులు, బంగాళాఖాతపు వాయుగుండములు మన విద్యార్థినికి ముఖ్యములు. ఇందుకై ఐ. సి. జోషిగారి గ్రంథము వంటి స్వదేశ రచన తప్పక యుండవలెను.

ఇక నియమములు: ఇవి పాలు. 1934 నాటి విమాన చట్టము స్థానమున భారతీయ వాయుయాన్ అధినియమము, 2024 వచ్చి, 2025 జనవరి 1వ తేదీనుండి అమలున నున్నది. రేడియో పరీక్ష జరుపు అధికారము గూడ దానివలననే టెలికాం శాఖనుండి డి.జి.సి.ఎ. చేతికి వచ్చినది. పాతపుస్తకమును నమ్మిన బాలిక దరఖాస్తుకొఱకు తగని కార్యాలయపు గుమ్మ మెక్కును. పరీక్షయందు నిన్నటి చట్టమును వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. కావున ఈ యొక్క విషయమున సరిక్రొత్త ముద్రణమునే కొనవలెను. విమానాశ్రయముల సమాచారమును ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవారు అంతర్జాలమున వెల లేకుండ ప్రకటించుచున్నారు. 28 దినముల కాలచక్రము ననుసరించి దానిని సవరించుచుందురు. ఉచితముగ దొరకుదానికి సొమ్ము పోయనేల?

ప్రశ్నోత్తరముల సంపుటములను గూర్చి యొక్కమాట. అవి ఊరగాయ వంటివి. అన్నముతో తినవలెనే కాని, అన్నమునకు బదులుగా తినరాదు. సమాధానముల నప్పగించి 70 మార్కులు తెచ్చుకొనవచ్చునేమో. ఆకాశమున మబ్బు కమ్మినపుడు అక్షరముల గుర్తులు అక్కరకు రావు. ప్రతి సమాధానమునకును కారణము చెప్పు సంపుటమునే, అదియు మూలగ్రంథము ముగిసిన పిదపనే, చేతికీయవలెను.

“మాకీ శాస్త్రము తెలియదే, పుస్తకము మంచిదో కాదో యెట్లు చెప్పగలము?” అని తల్లులు సంకోచింపవలదు. ఎరువు తెచ్చిన ప్రతినుండి యొక పుటను అమ్మాయిచే చదివించి, పుస్తకము మూయించి, దాని భావమును తెలుగున చెప్పుమనుడు. మీకు బోధపడునట్లు చెప్పగలిగినచో ఆ పుస్తకము ఆమెకు తగినదే. చెప్పలేక తడబడినచో, ఎంత పేరుగన్నదైనను వేరొకటి వెదకవలెను. విషయమున కొక్క మూలగ్రంథము చాలును. మూడు కొని మూలబెట్టుటకంటె ఒక్కదానిని మూడుమారులు చదువుట మేలు. మిగిలిన సొమ్ముతో మరికొంత సేపు ఆమె ఆకాశమున నుండగలదు.