చిల్లర నాణేల సాక్ష్యం

'చేతిలో చిల్లిగవ్వ లేదు' అనే నానుడి తెలుగునాట నేటికీ వినిపిస్తుంది. గవ్వలు ఒకప్పుడు చిల్లర ద్రవ్యంగా చెలామణి అయిన సంగతిని ఆ మాట భద్రపరచింది. బంగారం, వెండి రాజకోశాలలోను, దూరదేశ వాణిజ్యంలోను తిరుగగా, సామాన్యుని అంగడి బేరం అల్పద్రవ్యంతోనే సాగేది. ప్రాచీన గ్రీకు నగరాలు ఇందుకై తమ పేరును, చిహ్నాన్ని ముద్రించిన చిన్న కంచు నాణేలను విడుదల చేశాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం మాషకం, కాకణి అనే రాగి నాణేలను పేర్కొన్నది. శాతవాహనుల కాలంలో తెలుగు నేలపై ఈ అవసరాన్ని ఎక్కువగా తీర్చినది సీసం.

సీసం కొద్దిపాటి వేడికే కరుగుతుంది. మెత్తని లోహం కనుక దానిపై ముద్ర సులభంగా పడుతుంది. అంత సులభంగానూ అరిగిపోతుంది. శాతవాహన నాణేలు పెక్కింటిపై అక్షరాలు సగమే మిగలడానికి ఇది ఒక కారణం. ఏనుగు, కొండగుర్తు, ఉజ్జయినీ చిహ్నం, రెండు కొయ్యల ఓడ వంటి బొమ్మలను మాత్రం చదువురాని కొనుగోలుదారు సైతం పోల్చుకోగలడు.

నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉన్నది. అక్కడ లభించిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా సేకరించారు. పురావస్తు శాఖకు చెందిన డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిపై ఉన్న బ్రాహ్మీ లిపిని చదివారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు వెలుగులోకి వచ్చాయి. పురాణాల రాజవంశావళులలో ఈ పేర్లు కానరావు. 'రాఞో గోబదస' అనే ప్రాకృత పదాలకు 'గోబద రాజుది' అని అర్థం. ఒక్క షష్ఠీవిభక్తి ప్రత్యయమే నాణెం ఎవరిదో తేల్చిందన్నమాట!

అక్కడే 'ఛిముక సాతవాహన' నామం గల నాణేలూ దొరికాయి. శాతవాహన వంశకర్తను మత్స్యపురాణం శిశుకుడని, వాయుపురాణం సింధుకుడని, విష్ణుపురాణం శిప్రకుడని పేర్కొన్నాయి. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో 'సిముక' అని చెక్కి ఉన్నది. ఆ గుహ శాసనాలను బట్టి వంశారంభం పడమటి దక్కనులోనే జరిగిందని పలువురు భావించేవారు. కోటిలింగాల నాణేలు తెలుగు నేల పక్షాన బలమైన సాక్ష్యంగా నిలిచాయి. వివాదం పూర్తిగా సమసిపోలేదు. నాణెం చేతులు మారి ఎంత దూరమైనా పోగలదు కదా. అయితే విలువైన వెండి నాణెం పోయినంత దూరం చిల్లర కాసు సాధారణంగా పోదు. అందుచేతనే దాని సాక్ష్యానికి అంత విలువ.

నాణెం పేరు చెబుతుంది గాని సంవత్సరం చెప్పదు. గోబదాదుల వరుసను నిర్ణయించడానికి పండితులు అక్షరాల తీరును, తూకాన్ని, నాణెం దొరికిన మట్టిపొరను కలిపి చూడవలసి ఉంటుంది. వానకు నేలపైకి తేలిన నాణేనికి ఆ మూడవ ఆధారం ఉండదు.