మొగ దాటకముందే మొదలయ్యే రక్షణ

కృష్ణా డెల్టా తీరంలో మరబోట్లకు ముఖ్యమైన రేవులు రెండు. ఒకటి మచిలీపట్నం పక్కనున్న గిలకలదిండి, రెండోది బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. ఇక్కడి నుంచి వేటకు బయలుదేరిన సరంగు, కళాసీలు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. వారికి తగిలే దెబ్బల్లో, వచ్చే జబ్బుల్లో చాలావాటి కారణాలు తెలిసినవే. నడిసముద్రంలో వైద్యుడు దొరకడు కాబట్టి నివారణ పని రేవులోనే పూర్తి కావాలి.

గాలి, అల, మొగ

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారం సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మే 9న ఇంచుమించు ఇదే తీరాన్ని తీవ్ర తుపాను తాకినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. హెచ్చరిక ముందే అందడం, లక్షకు పైగా జనాన్ని తరలించడం ఈ తేడాకు ముఖ్య కారణాలు.

తుపాను లేని రోజున కూడా బోటు తిరగబడవచ్చు. అల ఎంత ఎత్తు ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత నిటారుగా ఉందన్నదీ చూడాలి. ఎత్తయినా సాగి వచ్చే అల మీద బోటు తేలిపోతుంది. పొట్టిదైనా నిటారుగా లేచి పక్కనుంచి కొట్టే అల దాన్ని బోర్లా వేస్తుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇలాంటి అలలు ఎక్కువ. పాటు సమయంలో బయటికి పారే నీరు లోపలికి వచ్చే అలకు ఎదురొడ్డి దాన్ని కుదించి నిటారుగా లేపుతుంది. పైగా అల ఎత్తు నీటి లోతులో దాదాపు ముప్పావు వంతుకు చేరితే అల విరిగిపడుతుంది. అందుకే ఇసుక మేట వేసిన మొగను పోటు మీద దాటడం క్షేమం.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, నిటారుతనం, దిశ, గాలి వేగంలో మార్పులను లెక్కగట్టి, చిన్న బోట్లు తిరగబడే అవకాశమున్న ప్రాంతాలను 10 రోజుల ముందుగా సూచిస్తుంది. ఆపద సంభవిస్తే ఇస్రో రూపొందించిన డాట్ పరికరం మీట నొక్కితే చాలు, బోటు ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డుకు తెలుస్తుంది. 2024లో వచ్చిన కొత్త రకం డాట్, సంకేతం అందిందని బోటుకు తిరుగు కబురు కూడా పంపుతుంది.

నీటిలో పడితే

మనిషి శరీర సాంద్రత నీటికి దాదాపు సమానం. తలను నీటిపై నిలపడానికి కొద్దిపాటి తేలుడు బలం సరిపోతుంది, లైఫ్ జాకెట్ ఇచ్చేది అదే. ఈత వచ్చినవాడైనా తలకు దెబ్బ తగిలితే, చేతులు సోలిపోతే ఈదలేడు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద పర్యాటకుల పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కనిపించే నదిలోనే ఇలా జరిగిందంటే సముద్రంలో జాకెట్ అవసరం ఎంతో తెలుస్తుంది. అయితే అది అటక మీద ఉంటే పనికిరాదు, ఒంటి మీద ఉండాలి. రాత్రివేళ బోటు అంచున కాలకృత్యాలకు కూర్చుని జారిపడే ప్రమాదాన్ని తప్పించడానికి పట్టుకునే కమ్మీ అయినా ఉండాలి.

బోటు మీద పొంచి ఉన్నవి

వల లాగే వించ్‌కు మూత లేకపోతే వదులుగా వేలాడే లుంగీ, తువ్వాలు, చేయి తాడుతో పాటు చుట్టుకుపోతాయి. నిద్ర చాలని మనిషి చేయి సకాలంలో వెనక్కి తీయలేడు. కాబట్టి వంతులవారీ నిద్ర కూడా భద్రతలో భాగమే.

జెల్ల ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే విపరీతంగా సలుపుతుంది. వాటి విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. గాయాన్ని కడిగి, చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీలకు మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కనుక నీటిని రెండో చేతితో పరీక్షించాలి. వలలో పడే సముద్రపు పాముల కాటు చాలాసార్లు నొప్పి పుట్టించదు, కానీ విషం కండరాలను దెబ్బతీస్తుంది. మన ఆసుపత్రుల్లో వాడే విషవిరుగుడు మందు నాలుగు రకాల నేలపాముల విషంతో తయారైనది. అందువల్ల పామును చేత్తో ముట్టకుండా కర్రతో తొలగించడమే మేలైన నివారణ.

చేపలు దాచే అర మరో ప్రమాదం. అడుగున కుళ్ళిన చేపల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. వాయువు మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. దిగినవాడు పడిపోతే, అతణ్ణి లేపడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. దిగేముందు మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. నడుముకు తాడు కట్టుకుని, పైన ఒకరిని కాపలా ఉంచి దిగాలి.

నీరు, తిండి

లీటరు సముద్రపు నీటిలో 30 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. మూత్రపిండాలు లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాములను మాత్రమే బయటికి పంపగలవు. ఆ నీరు తాగితే మిగిలిన ఉప్పును వెళ్ళగొట్టడానికి ఒంట్లోని నీరే ఖర్చవుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. మంచినీళ్ళ డ్రమ్ములను కడిగి, క్లోరిన్ కలిపి, మూతపెట్టి వాడితే విరేచనాలు, కామెర్లు దూరంగా ఉంటాయి. ఎండలో పనికి ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి. తిండితో నావికుల జబ్బును అరికట్టవచ్చని 1747లో జేమ్స్ లిండ్ చూపాడు. స్కర్వీ సోకిన 12 మంది నావికులను జంటలుగా విడదీసి రకరకాల చికిత్సలు ఇస్తే, నారింజ, నిమ్మ తిన్న జంట త్వరగా కోలుకుంది.

చట్టం, విరామం

భారత్ 2015లో ఆమోదించిన 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఓడ సిబ్బందికి వైద్య పరీక్ష తప్పనిసరి. రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వడం అందులోని ఒక ప్రమాణం. చేపల బోట్లు దాని పరిధిలోకి రావు. వాటి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో వేరే ఒడంబడిక చేసింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టేందుకు ఉద్దేశించిన ఈ విరామంలోనే బోట్ల మరమ్మతులు జరుగుతాయి. వించ్‌కు మూత బిగించడం, జాకెట్లు సరిచూడడం, డాట్ పరికరాన్ని పరీక్షించడం, మందుల పెట్టె నింపడం, కళాసీల కంటిచూపు, రక్తపోటు చూపించడం కూడా ఆ మరమ్మతుల జాబితాలో చేరాలి. బోటులో 1554 అన్న కోస్ట్ గార్డు నంబరు అందరికీ కనబడేలా రాసి ఉండాలి.