పాత గ్రామఫోను ప్లేట్లు – కొనువారికి కొన్ని మెలకువలు

1998వ సంవత్సరము నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి మాదాపూరు రాళ్ళగుట్టల రూపమే మారిపోయినది. నేడు హైటెక్ సిటీలో చేతిలోని ఫోను కోరిన పాటనెల్ల వినిపించుచున్నది. అయినను అందు దొరకని పాటలు ఎన్నో కలవు. ఒకమారు ప్లేటుపై అచ్చై, తిరిగి వెలువడని నాటక పద్యములు, హరికథలు, ఖవ్వాలీలు అట్టివి. వానిని వెదకుటకై మేము కొందరు విద్యార్థులము ఆదివారములందు హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎర్రగడ్డ సంతకు పోవుచుందుము. పాత ఇనుము, తాళములు, ఫ్యానుల నడుమ ఎప్పుడో ఒక ప్లేట్ల కట్ట కంటబడును.

ప్లేట్లలో ముఖ్యముగా రెండు రకములు. మొదటిది నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. ఇది లక్కలో రాతిపొడి మొదలైనవి కలిపి చేసినది, చేయిజారిన పగులును. 10 అంగుళముల ప్లేటుపై ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించినది ఇట్టి ప్లేట్లమీదనే. రెండవది ఎల్.పి. ఇది ప్లాస్టిక్ జాతికి చెందిన వినైలుతో చేసినది. నిమిషమునకు 33 చుట్లకు కొంచె మెక్కువగా తిరుగుచు, ఒక్కొక్క వైపు 20 నిమిషములకు పైగా పాడును. ఘంటసాలవారి భగవద్గీత ఎల్.పి.ల మీదనే ఇంటింటికి చేరినది.

కొనునప్పుడు అట్టను చూచి మురియరాదు. అట్ట ఒకటి, లోని ప్లేటు వేరొకటి కావచ్చును. ప్లేటును ఎండకు వాలుగా పట్టి చూడవలెను. గోటికి తగులు గీత పాటలో టక్కుటక్కుమని వినబడును. కంటి మట్టమునకు ఎత్తి చూచిన వంకర తెలియును. లక్క ప్లేటునైతే, కుండను కొనునప్పటివలె, వ్రేలితో మెల్లగా తట్టవలెను. బీటువారినదైతే బొంగురుగా పలుకును.

ఇంటికి తెచ్చిన పిమ్మటనే అసలు ప్రమాదము. ఎల్.పి.ని పాత కీ గ్రామఫోనుపై ఉక్కుముల్లుతో ఎన్నడును వేయరాదు. ఆ బరువునకు గాళ్ళు చెడిపోవును. లక్క ప్లేటుకు వెడల్పు ముల్లు, ఎల్.పి.కి సన్నని ముల్లు కావలెను. లక్క స్పిరిటులో కరగునని మేమెరుగము. సంతలో దొరికిన ఖవ్వాలీ ప్లేటునొకదానిని, మా సహాధ్యాయి దాదీమాకు వినిపింపవలెనని, స్పిరిటుతో శుభ్రముగా తుడిచితిమి. నలుపు మా గుడ్డకంటినది, పాట పోయినది. ఆ పెద్దామె కోపగింపలేదు. "పోనీ బేటా, ఆ పాట నాకు జ్ఞాపకమున్నది" అని రెండు చరణములు పాడినది. ఆమె తరువాత అది ఎవరికి జ్ఞాపకముండును? ఈ ప్రశ్న మమ్ము నేటికిని విడువలేదు.

కావున మిత్రులారా, మీ ఇండ్లలో అటకలపైనున్న ప్లేట్లను పాత సామాను వానికి వేయకుడు. పడుకోబెట్టి దొంతరగా పేర్చక, నిలువుగా నుంచుడు, ఎండ తగులనీయకుడు. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన కళాశాల గ్రంథాలయమున వీనికొక బీరువా, ఒక మంచి వాద్యయంత్రము ఏర్పరచి, పాటలను కంప్యూటరులోనికి ఎక్కించు అవకాశము కల్పింపవలెనని కళాశాల కమిటీవారిని సవినయముగా కోరుచున్నాము. ప్లేట్లను వెదకి తెచ్చు శ్రమ మాది.