అటక మీది డబ్బా ఆదుకుంది, కింది మూట ముంచింది!

వీధి చివర అంగడి ఉండగా ఏడాదికి సరిపడా సరుకులు దాచుకోవడం ఎందుకమ్మా అంటారా? నేనూ అలాగే అనేదాన్ని. 2021 నవంబరు తర్వాత ఆ మాట మానేశాను.

ఆ నెల 18న తిరుపతిని ముంచెత్తిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. కరెంటు పోయి ఫ్రిజ్‌లోవన్నీ చెడిపోయాయి. అంగళ్ళు మూతపడ్డాయి. మూడు రోజులు మాకు అన్నం పెట్టినవి మా అత్త అటక మీద దాచిన డబ్బాలే! రాగిపిండి, కందిపప్పు, చింతపండు, మటిక్కాయ ఒరుగులు. సంగటీ పప్పూ తిని గట్టెక్కాం.

మరి నా సంగతి? దీపావళికి పుట్టింటినుంచి తెచ్చిన శెనక్కాయల మూటను నేలమీదే పెట్టాను. తడిసి ముద్దయింది. ఆ తర్వాతా ముసురు వదల్లేదు. విప్పి చూస్తే పచ్చటి బూజు!

"ఎండబెట్టి వేయించుకుంటే ఏమీ కాదు మే" అన్నారు మా అత్త. పిల్లలకు ఉండలు చేద్దామని నేనూ అనుకున్నాను. వ్యవసాయ శాఖలో పనిచేసే మా తమ్ముడు ఫోన్లో వినగానే "పారెయ్యక్కా, చేత్తో కూడా తాకొద్దు" అన్నాడు. పోనీ ఆవుకన్నా పెడదామంటే అదీ వద్దన్నాడు. ఎందుకో ఆరోజే తెలిసింది.

బూజులో దాగిన విషం

శెనక్కాయల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. 1974లో మన దేశంలోనే, రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్ కూడా రావచ్చు. కడిగినా, ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. ఆవుకు పెడితే పాలలోకి వస్తుంది.

రోజూ ఇడ్లీకీ దోసెకూ శెనక్కాయల చట్నీ చేసుకునే వాళ్ళం కదా మనం! బూజు పట్టినవి, నల్లబడినవి, ముడతలు పడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారెయ్యండి. డబ్బుకు చూసుకోకండి.

మన వానల తీరు వేరు

మన వైపు వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో జోరుగా పడతాయి. వానాకాలపు శెనక్కాయలు ఇంటికి చేరేదీ సరిగ్గా అప్పుడే. అందుకే కాయ బాగా ఎండిందో లేదో చూసుకోవాలి. చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. గింజను వేళ్ళతో నలిపితే పొట్టు ఊడి రావాలి. కాయలుగానే దాచి, కావలసినప్పుడు కొద్దికొద్దిగా ఒలుచుకోండి. మూటను నేలమీద పెట్టకుండా, గోడకు ఆనించకుండా చెక్కబల్ల మీద పెట్టండి.

ఎండల్లోనే సిద్ధం చేసుకోవలసినవి

చింతపండు: గింజలూ ఈనెలూ తీసి ఒకరోజు ఎండబెట్టండి. వరుస చింతపండు, వరుస రాళ్ళుప్పు వేస్తూ జాడీలో గట్టిగా అదమండి. ఇనుప డబ్బా, అల్యూమినియం గిన్నె పనికిరావు, పులుపు లోహాన్ని తినేస్తుంది. ఏడాదికి రంగు నల్లబడుతుంది, అంతమాత్రాన చెడిపోయిందని కాదు.

కందులు: ఎర్రమన్ను నీళ్ళలో కలిపి కందులకు పట్టించి ఎండబెట్టడం మన పెద్దవాళ్ళ పద్ధతి. అలా చేస్తే పుచ్చు పట్టదు. అంగట్లో కొన్న పప్పయితే కిలోకు ఒక టీస్పూను ఆముదం రాసి ఎండలో పెట్టండి. వండేముందు వేడినీళ్ళతో కడిగితే సరి.

రాగులు: వీటికి పురుగు చాలా తక్కువ. ఎండబెట్టి దాస్తే ఏళ్ళు నిలుస్తాయి. పిండి మాత్రం నెలకు సరిపడా ఆడించుకోండి.

ఒరుగులు: పచ్చిమామిడి ముక్కలకు ఉప్పు, చిటికెడు పసుపు కలిపి నాలుగైదు రోజులు ఎండబెట్టండి. మటిక్కాయల్ని (గోరుచిక్కుళ్ళని) ఉప్పునీళ్ళలో సగం ఉడికించి, వార్చి ఎండబెట్టండి. విరిస్తే పుటుక్కుమని విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఇవి మరవకండి

ఎండలోంచి తెచ్చినవి చల్లారాకే డబ్బాలో పొయ్యండి. వేడిగా మూతపెడితే లోపల చెమ్మ చేరి, అదే బూజుకు దారి.

డబ్బా మీద నెల, సంవత్సరం రాసి అతికించండి. పాతవి ముందు వాడండి.

తడి చేత్తో, తడి గరిటెతో తియ్యకండి. వాన రోజున పెద్ద డబ్బా తెరవకండి. వారానికి కావలసింది చిన్న డబ్బాలోకి తీసుకోండి.

గోదాముల్లో పురుగు చావడానికి పెట్టే మాత్రలు ఇంట్లోకి తేనేకూడదు. చెమ్మ తగిలితే వాటినుంచి విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. పడుకునే గదిలో బియ్యం మూటల మధ్య పెడితే ఇంటిల్లిపాదికీ ప్రాణం మీదికొస్తుంది. ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు చాలు మనకు.

ఆ మూటను గుంట తీసి పూడ్చేటప్పుడు మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆరుగాలం కష్టపడి పండించినది మరి! నాకూ బాధేసింది. కానీ పిల్లల కాలేయం కన్నా మూటెడు శెనక్కాయలు ఎక్కువా? మరుసటి ఏడాది మా అత్తే ముందుగా కాయలు చెవి దగ్గర ఊపి, గలగల విని, "ఇప్పుడు అటక మీద పెట్టు మే" అన్నారు.

మీ ఇంట్లో మూట ఎక్కడుందో ఈరోజే ఒకసారి చూసుకోండి!