పొలం దాకా వెళ్లే చదువు

భారతదేశంలో ప్రతి డిగ్రీ విద్యార్థికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి పాఠ్యాంశమైంది విశ్వవిద్యాలయాల చొరవ వల్ల కాదు, న్యాయస్థానం ఆదేశం వల్ల. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఇచ్చిన తీర్పు పర్యావరణ విద్యను పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా తప్పనిసరి చేయాలని నిర్దేశించగా, అమలులో ఏళ్ల తరబడి జాప్యం జరిగి, అదే న్యాయస్థానం మళ్లీ పట్టుబట్టిన తర్వాతే విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆరు నెలల ఉమ్మడి పాఠ్యక్రమాన్ని తయారు చేయించి అన్ని డిగ్రీ కోర్సుల్లోకి తెచ్చింది. దగ్గర్లోని చెరువునో, కొండనో, పొలాన్నో, కర్మాగారాన్నో స్వయంగా చూసి విద్యార్థి నివేదిక రాయాలన్న నియమం కూడా అందులో ఉంది. అయితే చాలా కళాశాలల్లో ఆ సబ్జెక్టు గైడు చదివి గట్టెక్కే పేపరుగానే మిగిలిపోయింది. క్షేత్ర నివేదిక ముందు బ్యాచ్ వాళ్లది చూసి రాసుకునేదయింది. పాఠ్యపుస్తకంలో చేర్చినంత మాత్రాన ఒక విషయం చదువుగా మారదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

సుస్థిరాభివృద్ధి అన్న భావన 1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన కమిషన్ నివేదికతో లోకప్రసిద్ధమైంది. నేటి తరం తన అవసరాలు తీర్చుకుంటూనే రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి భంగం కలగకుండా సాగించే అభివృద్ధి అని దాని సారాంశం. 2015లో ప్రపంచ దేశాలు అంగీకరించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో నాలుగోది విద్యకు సంబంధించినది కాగా, పదిహేడోది భాగస్వామ్యాలకు సంబంధించినది. ఈ రెండింటినీ కలిపి చదివితేనే విశ్వవిద్యాలయం చేయవలసిన పని అర్థమవుతుంది, ఎందుకంటే సుస్థిరతకు సంబంధించిన సమస్య ఏదీ ఒక్క శాస్త్రం పరిధిలో ఇమిడి ఉండదు. రాయలసీమలో ఒక ఊరి బోర్లన్నీ ఎండిపోతే దానికి భూగర్భ శిలల స్వభావం ఎంత కారణమో, సాగుచేసే పంట, వ్యవసాయ విద్యుత్తు విధానం, పూడిక తీయని చెరువు, నీటి మీద ఎవరికి ఎంత మాట చెల్లుతుందన్న సామాజిక వాస్తవం కూడా అంతే కారణాలు. వీటిలో కొన్ని విశ్వవిద్యాలయంలోని వేర్వేరు శాఖలకు తెలుసు, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలకు తెలుసు, మిగిలినవి ఆ ఊరి రైతుకు మాత్రమే తెలుసు. కాబట్టి విశ్వవిద్యాలయం బయటివారితో పెట్టుకునే భాగస్వామ్యం బోధనకు అదనపు అలంకారం కాదు. అది లేకపోతే బోధించడానికి సరైన విషయమే చేతికి రాదు.

ఈ సూత్రాన్ని సంస్థాగతంగా అమలు చేయడానికి జరిగిన పెద్ద ప్రయత్నాల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒకటి. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములిచ్చి, వాటి ఆదాయంతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టించింది. 1887లో పరిశోధన కేంద్రాలకు, 1914లో విస్తరణ సేవలకు చట్టాలు వచ్చాయి. విస్తరణ అంటే పరిశోధన ఫలితాన్ని రైతు దాకా తీసుకువెళ్లడం, రైతు సమస్యను పరిశోధకుడి దాకా తీసుకురావడం. ఆ కళాశాలలకు ఆధారమైన భూముల్లో అధికభాగం మూలవాసీ జాతుల నుంచి లాక్కున్నవేనన్న చేదు నిజాన్ని కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. స్వతంత్ర భారతంలో, అంతకు ముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949 నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. 1960లో పంత్‌నగర్‌లో దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తర్వాతి కాలంలో ఆచార్య ఎన్.జి. రంగా పేరును ధరించింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోని భాగం ప్రొఫెసర్ జయశంకర్ పేరిట వేరు విశ్వవిద్యాలయమైంది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడింటినీ ఒకే కప్పు కింద నడపడం ఈ సంస్థల ప్రత్యేకత.

ఆ మూడూ ఒకచోట కలిసే సందర్భం వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో వస్తుంది. విద్యార్థులు ‘రావెప్’ అని పిలుచుకునే గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ప్రతి విద్యార్థినీ ఒక గ్రామానికి, ఆ గ్రామంలో ఒక ఆతిథ్య రైతుకు అనుసంధానం చేస్తారు. నారుమడి నుంచి కోత దాకా ఆ రైతు చేసే పనులు చూస్తూ, చేస్తూ, పెట్టుబడి లెక్కలు రాస్తూ విద్యార్థి నేర్చుకోవాలి. గ్రామాన్ని అర్థం చేసుకోవడానికి వాడే పద్ధతిని భాగస్వామ్య గ్రామీణ విశ్లేషణ అంటారు. ఇందులో విద్యార్థి ప్రశ్నపత్రం పట్టుకుని ఇంటింటికీ తిరగడు. ఊరివాళ్లనే ఒకచోట కూర్చోబెట్టి, ముగ్గుపిండితో, రంగులతో నేల మీద వాళ్ల ఊరి పటాన్ని వాళ్లచేతనే గీయిస్తాడు. చెరువు, బావులు, బీళ్లు, గుడి, బడి, ఎవరెవరి వీధులు ఎక్కడున్నాయో అందులో బయటపడతాయి. ఏ నెలలో పని దొరుకుతుంది, ఏ నెలలో అప్పు తెస్తారు, ఏ నెలలో పశుగ్రాసానికి కరువొస్తుంది అన్నవి పంట క్యాలెండరుగా తయారవుతాయి. ఏ సమస్య ఎక్కువ బాధిస్తోందో చెప్పమంటే గడుల్లో చింతగింజలు పెట్టి చూపిస్తారు. పురుషులు గీసిన పటానికీ స్త్రీలు గీసిన పటానికీ కనిపించే తేడాలు, ముఖ్యంగా తాగునీరు, వంటచెరకు తెచ్చే దారుల విషయంలో, ఏ తరగతి గదిలోనూ దొరకని పాఠాలు.

2015 నుంచి ఈ కార్యక్రమం ‘స్టూడెంట్ రెడీ’ అనే జాతీయ పథకంలో భాగమై దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నింటికీ వర్తిస్తోంది. దీని విలువను తక్కువ చేయలేం, కానీ లోటు కూడా చెప్పాలి. పంట ఒక కాలం పాటు ఉంటుంది. భూసారం, భూగర్భజలం వంటివి మారడానికి ఏళ్లు పడుతుంది. విద్యార్థి ఉండేది కొన్ని వారాలు. మరుసటి బ్యాచ్ వేరే ఊరికి వెళితే మొదటి ఊరి లెక్కలు ఎవరి బీరువాలోనో ఉండిపోతాయి. విద్యార్థి నివేదిక విశ్వవిద్యాలయానికి చేరుతుంది గాని, ఆ వివరాలు చెప్పిన ఊరికి తిరిగి చేరడం అరుదు. ఇంకొక చిక్కు సంస్థల నిర్మాణంలోనే ఉంది. 2005లో పశువైద్యానికి, 2007లో ఉద్యానానికి ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. నైపుణ్యం పెరగడానికి విభజన పనికొచ్చి ఉండవచ్చు, కానీ ఒక చిన్న రైతు ఇంట్లో వరి, గేదె, నాలుగు మామిడి చెట్లు ఒకే బతుకులో భాగాలు. వరిగడ్డి గేదెకు, గేదె పేడ మామిడికి వెళతాయి. ముగ్గురు విద్యార్థులు మూడు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చి ఆ ఇంటిని మూడు ముక్కలుగా చూస్తే, సుస్థిర సాగుకు ప్రాణమైన ఆ అనుసంధానమే ఎవరి నోటుపుస్తకంలోకీ ఎక్కదు.

భాగస్వామ్యం ఎంత దూరం పోగలదో తెలుగువారి అన్నం పళ్లెమే చెబుతుంది. రైతులు బీపీటీ అని పిలిచే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధనల ఫలితం, 1986లో విడుదలైంది. దాని తల్లిదండ్రుల్లో కోయంబత్తూరుకు చెందిన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం, మలేసియా నుంచి వచ్చిన మసూరి ఉన్నాయి. సన్నని గింజ, మంచి రుచి వల్ల మిల్లరుకూ వినియోగదారుకూ నచ్చిన ఈ రకానికి ఒక పెద్ద బలహీనత ఉంది. బాక్టీరియా ఎండాకు తెగులు సోకితే ఆకులు అంచుల నుంచి ఎండిపోయి దిగుబడి పడిపోతుంది. రసాయనాలతో ఈ తెగులును సంతృప్తికరంగా అదుపు చేయడం కష్టం కాబట్టి, తట్టుకునే శక్తి మొక్కలోనే ఉండడమే రైతుకూ నేలకూ మేలైన మార్గం.

ఆ శక్తి పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు ఒక అడవి వరిలో దొరికింది. ఆ వరి తెగులును తట్టుకుంటుందని కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో 1970లలో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానిని సాగు వరితో సంకరపరచి, ఎక్స్‌ఏ 21 అనే జన్యువును సాగు రకంలోకి తెచ్చింది. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ జన్యువుతో పాటు మరో రెండు నిరోధక జన్యువులను ఒకే వరి వంగడంలో పేర్చింది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) కలిసి ఆ మూడింటినీ సాంబ మసూరిలోకి తీసుకువచ్చి, మెరుగుపరచిన సాంబ మసూరి పేరుతో 2008లో విడుదల చేయించాయి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మామూలు సంకరణం చేసి, పుట్టిన మొక్కల్లో కావలసిన జన్యువు ఉన్నవాటిని డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఏరుకునే ఈ పద్ధతిని మార్కర్ ఆధారిత ఎంపిక అంటారు. తినగానే రక్తంలో చక్కెరను వేగంగా పెంచే గుణం ఈ బియ్యంలో తక్కువగా ఉన్నట్లు తర్వాత తేలడం మరో లాభం. మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం కథ కూడా ఇటువంటిదే: ఒడిశా నాటు వరిలోని ముంపును తట్టుకునే జన్యువు అందులో చేరి, సుమారు రెండు వారాల ముంపును ఓర్చుకునే స్వర్ణ సబ్-1 గా 2009లో రైతుల చేతికి వచ్చింది.

ఈ గొలుసులో ప్రతి సంస్థ పేరూ కాగితాల మీద ఉంది. ఆ అడవి వరి పెరిగిన మాలి గ్రామీణులకు, ముంపు పొలాల్లో నాటు రకాన్ని తరతరాలుగా కాపాడుకొచ్చిన ఒడిశా రైతులకు ఏమి దక్కిందన్న ప్రశ్నను విశ్వవిద్యాలయాలు తప్పించుకోకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఎక్స్‌ఏ 21 జన్యువును 1995లో విడదీసిన శాస్త్రవేత్త పమేలా రోనాల్డ్, పేటెంటు మీద కంపెనీల నుంచి వచ్చే రాబడిలో కొంత భాగంతో మాలి వంటి దేశాల విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చే నిధి ఏర్పాటుకు పూనుకున్నారు. ఆ జన్యువును కంపెనీలు మార్కెట్‌కు తీసుకురాకపోవడంతో ఆశించిన రాబడి ఆ నిధికి సమకూరలేదు. సదుద్దేశాన్ని వాణిజ్య ఫలితానికి ముడిపెడితే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది. భారతదేశం 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం మరింత దృఢమైన మార్గం చూపింది: కొత్త రకం తయారీకి ఆధారమైన నాటు విత్తనాన్ని కాపాడిన రైతులకు, సమూహాలకు జన్యు నిధి ద్వారా ప్రతిఫలం, గుర్తింపు పొందే హక్కును కల్పించింది. రావెప్‌కు వెళ్లే విద్యార్థి ఆ ఊళ్లోని నాటు రకాలను నమోదు చేసి, ఈ చట్టం కింద వాటిని రైతు పేరున రిజిస్టరు చేయించడంలో తోడ్పడితే, ఊరికి తిరిగి ఇచ్చినట్లవుతుంది.

ఊరితో కలిసి చేసే ఈ పని వ్యవసాయ శాస్త్రానికే పరిమితం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలు సాగుచేసే దళిత మహిళల సంఘాలు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 2008లో మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియోను ప్రారంభించాయి. గ్రామీణులు తామే నడుపుకునే ఇటువంటి రేడియోకు అనుమతి లేని కాలం నుంచీ హైదరాబాద్ విశ్వవిద్యాలయపు కమ్యూనికేషన్ విభాగంలోని ఆచార్యులు దానిని అధ్యయనం చేస్తూ వచ్చారు. 2006లో ప్రభుత్వ విధానం సడలడానికి దోహదం చేసిన చర్చలో ఈ రెండు పక్షాలకూ పాత్ర ఉంది. 2011లో ఆ విశ్వవిద్యాలయానికి సముదాయ మాధ్యమాలపై (కమ్యూనిటీ మీడియా) యునెస్కో పీఠం దక్కింది. విత్తనం గురించి, వాన గురించి మహిళలు తమ జహీరాబాద్ యాసలో మాట్లాడుకోవడం పరిశోధనాంశం కాగలదని ఒక విభాగం గుర్తించడమే ఇక్కడ ముఖ్యం.

ఇటువంటి పని మరింత ఎక్కువగా జరగకపోవడానికి అధ్యాపకుల నిరాసక్తతను ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. 2015లో ప్రకటించిన జాతీయ ర్యాంకింగు విధానంలో విస్తృతి, సమ్మిళితత్వం అనే శీర్షికకు పదో వంతు ప్రాధాన్యమే ఉంది. అందులోనూ కొలిచేది ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, వెనుకబడిన వర్గాలవారు ఎందరున్నారు, వికలాంగులకు వసతులున్నాయా అన్నవి. అవన్నీ అవసరమైనవే, కానీ ఒక గ్రామంతో పదేళ్లు కలిసి పనిచేసిన విభాగానికి ఆ లెక్కలో చోటు లేదు. పరిశోధన పత్రాల సంఖ్య పదోన్నతిని నిర్ణయించేచోట, ఊరి కోసం తెలుగులో రాసిన నీటి లెక్కల నివేదికకు అధ్యాపకుడి దస్త్రంలో దక్కే విలువ స్వల్పం.

మార్పుకు కొత్త పథకం కంటే ఉన్న నియమాల్లో సవరణలే ఎక్కువ ఉపయోగపడతాయి. ఒక మండలాన్ని ఒక విశ్వవిద్యాలయానికి కనీసం పదేళ్లు అప్పగించి, అవే గ్రామాలకు వరుస బ్యాచ్‌లను పంపితే, మొదటి ఏడాది కొలిచిన బావుల నీటిమట్టాన్ని పదో ఏడాది దానితో పోల్చవచ్చు. వ్యవసాయ, పశువైద్య, ఉద్యాన విద్యార్థులను, సాధారణ డిగ్రీలో పర్యావరణ పేపరు చదివేవారిని ఒకే జట్టుగా పంపడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. మూడు నాలుగు సంస్థల అకడమిక్ కౌన్సిళ్లు ఒకే క్యాలెండరుకు ఒప్పుకుంటే చాలు. విద్యార్థి తన నివేదికను సెమిస్టరు ముగిసేలోగా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించి, ఊరివారు దిద్దిన తప్పులను చేర్చి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయంలో ఉంచిన తర్వాతే దానికి మార్కులు వేయాలన్న ఒక్క వాక్యాన్ని పరీక్షల నిబంధనల్లో చేర్చడానికి ఏ విశ్వవిద్యాలయానికైనా ఈ రోజే అధికారం ఉంది.