తేలని దావా – కొన్న భూమి



మా నారాయణఖేడ్ తాలూకా 1956లో బీదరు జిల్లానుండి మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను, పొలము బేరము కుదిరినప్పుడు ఊరి పెద్దలను పిలిచి సాక్షి సంతకము చేయించు వాడుక మారలేదు. ఆ సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. దానిని తెలుపుటకే నేడు ఒక లాటిను మాటను మీ ముందుంచుచున్నాను.

ఆ మాట 'లిస్ పెండెన్స్'. ఇంగ్లీషు న్యాయగ్రంథములలో దీనిని మార్పక అట్లే వాడుదురు. 'లిస్' అనగా వ్యాజ్యము. 'పెండెన్స్' అనగా వ్రేలాడుచున్నది. మనము "తగవింకను తేలలేదు" అందుము. భావ మొక్కటే.

ఈ సూత్రము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 52వ సెక్షనులో నున్నది. స్థిరాస్తి హక్కును గూర్చి దావా నడుచుచుండగా, కోర్టు అనుమతి లేక ఏ పక్షమువారును ఆ ఆస్తిని అన్యులకిచ్చి ఎదుటివారి హక్కునకు భంగము కలిగింపరాదు.

అన్నదమ్ము లిద్దరున్నారనుకొనుడు. తమ్ముడు నాలుగెకరములలో సగపాలు కోరి దావా వేసెను. అది తేలకుండగనే అన్న నాలుగెకరములను పొరుగూరి రైతున కమ్మెను. రైతు రొక్కమిచ్చి పత్రము రిజిష్టరు చేయించుకొనెను. పిమ్మట తమ్మునికి రెండెకరములు డిక్రీ అయ్యెను. రైతు దానికి కట్టుబడవలసినదే. "దావా సంగతి నాకు తెలియదు" అనిన చెల్లదు. అట్లని అమ్మకము మొత్తము రద్దు కాదు. అన్న వంతు అతనికి దక్కును. తక్కిన సొమ్ము అన్ననుండి రాబట్టుకొనవలయును. అన్న దానిని ఖర్చు చేసియున్నచో ఆ రైతు కష్టము మీరే యూహింపగలరు.

ఇది కఠినముగ తోచవచ్చును. 1857లో ఇంగ్లండున బెల్లమీ–సబైన్ వ్యాజ్యమున దీనికి కారణము చెప్పిరి. ఈ నియమము లేనిచో ప్రతివాది తీర్పునకు ముందే ఆస్తి నమ్మును. వాది కొన్నవానిపై మరల దావా వేయవలయును. వాడు వేరొకని కమ్మును. వ్యాజ్యమునకు అంతముండదు.

దావా ఆ భూమిని గూర్చియే యుండవలెను. కేవలము చేబదులు సొమ్మునకై వేసిన దావాకు ఈ నియమము వర్తింపదు. ఇరుపక్షములును కుమ్మక్కై నడపు దావాకును వర్తింపదు. అర్జీ దాఖలైన నాటినుండి డిక్రీ పూర్తిగ అమలగువరకు ఇది యుండును. కనుక తీర్పు వచ్చినదని విని తొందరపడరాదు.

ఈ.సి. కాగితములో సాధారణముగ రిజిష్టరైన పత్రములే కానవచ్చును, దావా కానరాకపోవచ్చును. కావున అమ్మువాని పేరు, తండ్రి పేరు, సర్వేనంబరు తీసికొని వకీలు ద్వారా కోర్టులో విచారింపుడు. అన్నదమ్ములను, ఆడపడుచులను, గట్టు పొరుగువారిని అడుగుడు.

కలము చేత బట్టుటకు ముందు "ఈ భూమిపై దావా యేమైన నున్నదా?" అని నలుగురిలో అడుగవలయునని నా మనవి. ఆ యొక్క ప్రశ్న ఒక కుటుంబము కూడబెట్టినదానిని కాపాడవచ్చును.